చారలు లేని దుంగ

దుంగ మీద సగం దూరం వచ్చాక ఆకాశం ఎడమ పక్కకు జరిగింది. నేను జరగలేదు, ఆకాశమే జరిగింది. తర్వాత నీళ్ళు. తొట్టిలో నీళ్ళు నడుము లోతు కూడా లేవు, అడుగున స్పాంజి పరుపులు పరిచి ఉన్నాయి. నా అంతట నేనే లేచి నిలబడ్డాను. చుట్టూ చప్పట్లు, నవ్వులు.

"సూపర్ సార్! టీవీలో ఇట్లే పడల్ల!" అని ఎవరో అరిచారు.

నేనూ నవ్వబోయాను. ఆకాశం ఇంకా ఆగలేదని అప్పుడు తెలిసింది. లైట్ల స్తంభాలు, కెమెరా, గొడుగు కింద కుర్చీలు అన్నీ వరసగా ఎడమకు పోతున్నాయి. పోయి, మళ్ళీ మొదటి చోటి నుంచి బయలుదేరుతున్నాయి. తొట్టి గట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాను. నవ్వులు ఆగిపోయాయి.

అది మద్రాసుకు చెన్నై అని పేరు మారిన ఏడాది, తమిళుల ఆడి నెల ఆఖరు, అంటే ఆగస్టు నడుమ. ఆ దుంగ మీదికి నేనెందుకు ఎక్కానో ముందు చెప్పాలి.

నేను తెలుగు దినపత్రికలో పనిచేస్తాను. తెనాలి వైపు పుట్టి, ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చి, ఇక్కడి చూలైలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ళ అమ్మాయిని చేసుకున్నాను. ఆమె పేరు కస్తూరి. ఆమె తమ్ముడు దాము సినిమా సెట్లు కట్టే మేస్త్రీ. ప్రైవేటు చానెళ్ళు వచ్చాక అతనికి కొత్త రకం పని దొరికింది, టీవీ పోటీలకు సెట్లు కట్టడం. కాలేజీ కుర్రాళ్ళూ పోలీసు ఉద్యోగం కోసం తయారవుతున్నవాళ్ళూ గోడ దూకి, తాడు ఎక్కి, సొరంగంలో పాకి, చివర ఈ దుంగ దాటి గంట కొట్టాలి. ముందు కొట్టినవాడికి బహుమతి. పోరూరు దాటాక ఒక ఖాళీ స్థలంలో ఇదంతా కట్టారు. ఆదివారం అనుబంధంలో రాద్దామని చూడ్డానికి వెళ్ళాను.

దాము అన్నిటికంటే ముందు దుంగనే చూపించాడు. యూనిట్లో అందరూ దాన్ని రోలరు అనేవాళ్ళు. లోపల ఇనుప గొట్టం, చుట్టూ చెక్క పట్టీలు, రెండు చివర్లా బేరింగులు. కాలు పెడితే తిరుగుతుంది. ఎంత వదులుగా తిరగాలన్నది ఒక చివరనున్న మరతో బిగించుకోవచ్చు. పట్టీల సందుల్లో పుట్టీ పూసి, గరుకు కాగితంతో రుద్ది, కాలు జారకుండా సన్నటి ఇసుక కలిపిన పసుపు రంగు వేశాడు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకటే పసుపు.

"తడివి చూడండి బావా. అతుకు ఏడన్నా తగిలిందంటే నా పేరు మార్చుకుంటా," అన్నాడు.

తగల్లేదు. ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో అతను నేర్చుకున్నది అదే. రాతి స్తంభం మూడు చెక్క ముక్కలని, రాజుగారి గోడ వెనక వెదురు కర్రలున్నాయని ఎవరికీ తెలియకూడదు. అతుకు కనపడితే పని చెడినట్టు.

అతని పనిలో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏది కట్టినా ముందు ఒక మామూలు మనిషిని ఎక్కించి చూస్తాడు.

"ఫైటర్లు దేన్నైనా దాటేస్తారు బావా. వాళ్ళని ఎక్కిస్తే మనకేమి తెలుస్తాది? మీ మాదిరి ఆళ్ళు కావల్ల. కుర్చీలో కూచుని రాసేవాళ్ళు."

"అంటే పడేవాళ్ళు కావాలంటావు."

"సుమ్మా ఒక రౌండు బావా. కింద పరుపులుండాయి."

సుమ్మా అంటే ఊరికే, ఉత్తినే అని. ఈ ఊళ్ళో పెద్ద పనులన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి. బూట్లు విప్పి ఎక్కాను.

*

ఆస్పత్రిలో మొదటి రాత్రి సంగతి పెద్దగా గుర్తులేదు. గోడకు మొహం పెట్టి, కళ్ళు మూసుకుని, ఒకే పక్కకు ఒత్తిగిలి పడుకున్నాను. తల రవ్వంత కదిపినా మంచం ఒరిగిపోయేది. మర్నాడు చెవి డాక్టరమ్మ వచ్చింది. పెద్దావిడ, చీర మీద తెల్ల కోటు, మాట తమిళంలో. తన వేలు వెంట చూపు తిప్పమంది, చెవుల్లోకి లైటు వేసింది, తల మెల్లగా ఇటూ అటూ తిప్పింది. ఆ తర్వాత మంచం అంచున కూర్చుని ఒక ప్రశ్న వేసింది.

"పడ్డాక తిరిగిందా? తిరిగి పడ్డారా?"

బస్సు ప్రమాదాలూ అగ్నిప్రమాదాలూ గోడలు కూలడాలూ నా ఉద్యోగంలో చాలా చూశాను. ప్రతి చోటా నేను అడిగే మొదటి ప్రశ్న అదే: ఏది ముందు? ఇప్పుడు దాన్ని నన్నే అడుగుతున్నారు. ఆకాశం జరిగిందన్నాను. దుంగ తిరిగినా ఆకాశం జరిగినట్టే ఉంటుందని ఆవిడ అంది. వారం కిందట జలుబు చేసి, జ్వరం వచ్చి తగ్గిందని చెప్పాను. ఆ ఉదయం బస్సు దిగేటప్పుడు ఒక్క క్షణం కంబి పట్టుకుని ఆగానని కూడా చెప్పాను. ఎందుకాగానో గుర్తులేదు, ఎండ బాగా ఉంది. తల దేనికైనా కొట్టుకుందా అంటే అదీ తెలియదు.

ఆవిడ తేల్చి చెప్పలేదు. మనిషి నిలబడటానికి చెవి లోపల ఒక తూకం ఉంటుందట, కుడిదీ ఎడమదీ సమంగా పనిచేయాలట. నాకు ఒక పక్కది దెబ్బతింది. జలుబుతో వచ్చిన వాపు వల్ల కావచ్చు, పడ్డ అదురుకు కావచ్చు. రెంటికీ మందు దాదాపు ఒకటే గనక తనకు పెద్ద తేడా లేదంది.

మా ఇంట్లో తేడా ఉంది. అప్పటికే బయట వరండాలో కస్తూరి తమ్ముణ్ణి నిలబెట్టేసింది. తలుపు తెరిచే ఉంది, నేను వింటూనే ఉన్నాను.

"నీకు ఎక్కించేదానికి లోకంలో ఇంకెవురూ దొరకలేదా? ఆయన ఏమన్నా జిమ్నాస్టిక్కా?"

"అక్కా, పరుపులుండాయి ఆడ…"

"పరుపులంట! నా తాళితో ఆడుకుంటివి గదరా. ఇంక మా గడప తొక్కబాక. పో."

అతను వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో తినే మనిషి ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు. నేను లేచి నడుస్తానా అన్న భయం నాకు ఉండనే ఉంది. దాని పక్కనే ఇంకోటి వచ్చి కూర్చుంది: నా మూలంగా వీళ్ళిద్దరూ విడిపోతారా? ఈ రెండో భయం డాక్టరమ్మ వేసిన ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగి ఉంది: తల తిరిగే పడి ఉంటే తప్పు దాముది కాదు.

*

సెప్టెంబరంతా ఇంట్లోనే. కస్తూరి వాళ్ళ ఇంటి పద్ధతిలో జబ్బు మనిషి కదలకూడదు. కిటికీకి దుప్పటి కట్టింది. తలకు రెండు వైపులా దిండ్లు పెట్టింది. అన్నం తినిపించింది, నీళ్ళు గొట్టంతో తాగించింది. కింది వాటాలో స్టీలు గిన్నెలకు పేర్లు కొట్టే దుకాణం ఉంది. దిగి వెళ్ళి వాళ్ళతో ఏం మాట్లాడిందో గాని, ఆ టక్ టక్ చప్పుడు మధ్యాహ్నం పూట ఆగిపోయింది. తర్వాత తెలిసింది, ఆ వేళ వాళ్ళు సామాను తీసుకుని చుట్టాల కొట్టుకు వెళ్ళి పనిచేసుకునేవాళ్ళట. నెల రోజులు అలా వెళ్ళారు. మెట్ల మీద ఎదురైనప్పుడు కూడా ఒక్క మాట అనలేదు.

కదలకుండా పడుకున్నంతసేపూ హాయిగానే ఉండేది. చిక్కంతా లేవబోతేనే. పేపరు చదవలేకపోయేవాణ్ణి, అక్షరాల వరసలు మెట్లెక్కినట్టు పైకి పోయేవి. కస్తూరి చదువంతా తమిళంలో సాగింది. తెలుగు మాట్లాడుతుందే గాని చదవడం అంతంతమాత్రం. అయినా మా పత్రిక తెప్పించి, మంచం పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేది.

"స-మ-న్వ-య… ఏమండీ, ఇంత పొడుగు మాట ఎవురు రాస్తారు? మీరేనా?"

"నేను లేను గనకే అంత పొడుగు వచ్చింది."

"సరి సరి. తల తిప్పబాకండి."

దాము ఊసు ఎత్తితే మాత్రం మాట మారిపోయేది. జలుబు వల్ల కూడా రావచ్చని డాక్టరమ్మ అన్నది గదా అని ఒకసారి గుర్తుచేశాను.

"జలుబు ఊరంతా చేసింది. అందురూ తిరగతా ఉండారా? మీరు వాణ్ణి వెనకేసుకు రాబాకండి," అంది.

నెలాఖరున మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాం. ఆటోలో దారి పొడుగునా కళ్ళు మూసుకుని కస్తూరి భుజం పట్టుకున్నాను. చెవి రోగుల వరండాకు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ ఎవరూ తల తిప్పి చూడరు. కొత్తవాళ్ళు వస్తే కళ్ళు మాత్రమే కదులుతాయి. గోడ పక్క కుర్చీలకు గిరాకీ ఎక్కువ, తల ఆనించుకోవచ్చు గనక. నేను తూలుతూ రావడం చూసి ఒకాయన గోడ పక్క కుర్చీ నాకిచ్చి తను నడవాలోకి మారాడు. పురసవాక్కంలో బట్టల కొట్టులో సేల్స్‌మన్.

"నాకు పై అర చూస్తేనే సార్," అన్నాడు తమిళంలో. "పట్టు చీరలన్నీ పైనే పెడతారు. పెళ్ళివాళ్ళు వస్తే పైకి చూడాలి, చూస్తే పడతాను. ఇప్పుడు నన్ను కింది అరకు మార్చారు. లంగా గుడ్డలు, జేబు రుమాళ్ళు." తల కదలకుండా నవ్వాడు. నేనూ అలాగే నవ్వాను. కస్తూరి మా ఇద్దర్నీ వింతగా చూసింది. పడ్డప్పటి నుంచి నేను నవ్వడం అదే మొదలు.

డాక్టరమ్మ అంతా విని, దిండ్ల సంగతి దగ్గర ఆగింది.

"ఎన్నాళ్ళు పడుకోబెట్టావమ్మా?"

కస్తూరి గొప్పగానే చెప్పింది. "కాలు కింద పెట్టనివ్వలేదు డాక్టర్."

ఆవిడ కోప్పడలేదు. మొదటి రోజుల్లో పడుకోవడం సరే, అది దాటాక మనిషి కదలాలంది. తూకం చెడితే మెదడు దాన్ని మళ్ళీ నేర్చుకుంటుంది. నేర్చుకోవాలంటే తూలాలి, తల తిరగాలి. కదలకుండా ఉంచితే నేర్చుకోవడానికి దానికి పాఠమే ఉండదు. కస్తూరి మొహం పాలిపోయింది. ఇంటి గుమ్మం ముందు ఆగి, "నేనే చెడిపినానా?" అంది. లేదన్నాను. ఆమె చేసిందే నా వాళ్ళెవరైనా చేసి ఉండేవాళ్ళు. ఈ జబ్బున్నవాళ్ళ ఇంటివాళ్ళకు నేను చెప్పదలిచింది ఇదొక్కటే: ఎప్పుడు పడుకోబెట్టాలి, ఎప్పుడు లేపాలి అన్నది ప్రేమకు తెలియదు, డాక్టర్ని అడగండి.

కింది దుకాణంలో ఇచ్చి వెళ్ళిన తాళంచెవి తీసుకుని తలుపు తీసి చూస్తే, నడవా గోడ పొడుగునా నడుము ఎత్తున, పట్టుకుని నడవడానికి ఒక చెక్క చేపట్టు. పొద్దున లేదు. గదిలోంచి పెరటి గుమ్మం దాకా, మలుపు దగ్గర కూడా తెగకుండా పోయింది. ఎవరు బిగించారని కస్తూరి అడగలేదు, నేనూ అడగలేదు. మలుపు మీద వేళ్ళతో తడిమి చూశాను. అతుకు తగల్లేదు.

*

అక్టోబరు నడక నెల. కూర్చుని తల కుడికి ఎడమకు తిప్పడం, నిమ్మకాయను ఈ చేతి నుంచి ఆ చేతికి ఎగరేసి చూపుతో వెంబడించడం, కళ్ళు మూసుకుని నిలబడటం. ఎంత చిన్న పనికి ఎంత చెమట! కళ్ళు మూస్తే ఎడమకు ఒరిగేవాణ్ణి. మొదట్లో భయం వేసేది, తర్వాత అది ఒక తమాషాగా తోచింది. యాభై ఏళ్ళుగా నిలబడుతున్నాను. ఎలా నిలబడుతున్నానో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు రోడ్డు మీద అందర్నీ కిటికీలోంచి చూస్తుంటే ఆశ్చర్యం వేసేది. నెత్తిన బుట్టతో, చంకలో పిల్లతో, పక్కవాళ్ళతో పోట్లాడుతూ ఎంతమంది ఏ ఆలోచనా లేకుండా నిలువుగా పోతున్నారో!

మొదటి వారం చేపట్టు పట్టుకుని నడిచాను. రెండో వారం దాని పక్కనే, పట్టుకోకుండా. వెనక కస్తూరి, చేతులు చాపి, తగలకుండా. చేపట్టును ఆమె రోజూ నూనె గుడ్డతో తుడిచేది. తుడుస్తూ తమ్ముడి పేరు మాత్రం ఎత్తేది కాదు.

ఒక సాయంత్రం ఆమె గుడికి వెళ్ళినప్పుడు నేను ఒంటరిగా మెట్లు దిగి సందు చివర ఎస్‌టీడీ బూత్ దాకా వెళ్ళాను. దాముతో మాట్లాడాలని కొంత. అసలు కారణం ఆ ప్రశ్న. ఆ రోజు కెమెరా నిలబెట్టి ఉందని నాకు గుర్తు. నడుస్తూ ఉందా, లేదా?

"ఫోకసు చూసుకునేదానికి ఆన్ చేసినారు బావా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "టేపు నా దగ్గరే ఉండాది. నేను చూడలేదు," అన్నాడు.

"తీసుకురా."

"అక్క గడప తొక్కొద్దన్నాది."

"గడప దాటి రా, తొక్కకు."

ఫోన్లో నవ్వు వినపడింది. బూత్ బయటికి వచ్చాక గాని నేను దేన్నీ పట్టుకోకుండా అంత దూరం వచ్చానని తట్టలేదు.

*

దీపావళి ముందు వానలు పట్టిన ఆదివారం అతను వచ్చాడు, వస్తాడని కస్తూరికి ముందురోజే చెప్పి ఉంచాను. రెక్సిన్ సంచి గుండెకు హత్తుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. కస్తూరి చూసి లోపలికి పోయింది. వంటింట్లోంచి గొంతు మాత్రం వచ్చింది.

"వానలో నిలబడి జొరం తెచ్చుకుంటే మళ్ళీ నేనే చెయ్యల్ల. లోపలికి రమ్మనండి."

టేపు పెట్టాం. బొమ్మలో ముందు ఎవరో అడ్డంగా నడిచారు. తర్వాత నేను, బూట్లు లేకుండా, ప్యాంటు మడిచి, వెర్రినవ్వు నవ్వుతూ. దుంగ మీద కాలు పెట్టాను. ఒక్కో అడుగూ వేస్తూ సగం దాకా వచ్చాను. ఎడమ చెయ్యి పైకి లేచింది. పడ్డాను.

నీళ్ళు ఇంకా ఎగురుతుండగానే బూట్లతో సహా తొట్టిలోకి దూకిన మనిషి ఒకడు కనిపించాడు. నా చంకల కింద చేతులు వేసి, నా తల తన భుజానికి ఆనించి పైకి లేపాడు. చప్పట్లు కొట్టేవాళ్ళు ఇంకా కొడుతూనే ఉన్నారు. అతను దాము.

నా అంతట నేనే లేచానని ఈ వ్యాసం మొదట్లో రాశాను. టేపు చూసేదాకా అందరికీ అలాగే చెప్పాను. కావాలని ఆ మాట దిద్దకుండా ఉంచాను, నా సాక్ష్యం ఎంతవరకు నమ్మవచ్చో చదివేవాళ్ళకు తెలియాలని.

ముగ్గురమూ అది చూడటం అదే మొదటిసారి. కస్తూరి వంటింటి గుమ్మం దగ్గర్నించి వచ్చి టీవీ ముందు కూర్చుంది.

"వెనక్కి తిప్పరా."

తిప్పాడు. మళ్ళీ నడిచాను, మళ్ళీ చెయ్యి లేచింది.

"ఆడ నిలుపు! చూడు, ముందు ఆయన చెయ్యి లేచింది. రోలరు తిరగనే లేదు. ఆయనకి ముందే మయక్కం వచ్చేసింది, తల తిరిగేసింది. నీ తప్పేమి లేదు."

దాము తల అడ్డంగా ఊపాడు. "లేదక్కా. రోలరు తిరిగినాకనే చెయ్యి లేచింది. మర ఇంకొంచెం బిగించి ఉండల్ల నేను."

"నీకేమి తెలుసురా? కండ్లు లేవా? చెయ్యి చూడు."

"చెయ్యి కాదక్కా, కాలు చూడు. కాలి కింద జరిగింది."

"ఏడ జరిగింది? చూపించు."

మూడు నెలలు తమ్ముడి మీద నేరం మోపిన మనిషి ఇప్పుడు అతని తరఫున వాదిస్తోంది. అతనేమో తన మీదే వేసుకుంటున్నాడు. ఇద్దరూ తెరకు మొహాలు ఆనించి, నేనొకణ్ణి గదిలో ఉన్నానన్న సంగతే మర్చిపోయారు. దాము వేలు పెట్టి దుంగను చూపించబోయి ఆగిపోయాడు. తెర మీద ఉన్నది ఒక పసుపు పట్టీ. చుక్క లేదు, గీత లేదు, అతుకు లేదు. తిరుగుతున్నప్పుడూ అంతే, నిలిచి ఉన్నప్పుడూ అంతే.

"అయ్యో," అన్నాడు మెల్లగా. "అంత బాగా రుద్దినానే."

మళ్ళీ మళ్ళీ తిప్పారు. వెనక్కీ ముందుకూ పోయే ఆ బొమ్మ చూస్తుంటే నాకు గది కాస్త కదిలింది. కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. కస్తూరి అది చూసి లేచి టీవీ ఆపేసింది.

"చాలు. ఏదో ఒకటి. ఈయనకి మళ్ళా తిప్పతా ఉండావు. చేపలు చేసుండా, తినిపో."

రాయపురం చేపల రేవు నుంచి ఆ పొద్దున ఎందుకంత చేప తెప్పించిందో నాకు అప్పుడు అర్థమైంది. దాము తన పాత చోటులో, నడవా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల మీద తన చేపట్టే. కస్తూరి వడ్డిస్తూ, "ఈ మలుపు దగ్గర చీలిక పట్టుకొనింది రా, చీరకి తగలతా ఉండాది," అంది. చీలికా లేదు, ఏమీ లేదు. అతను తడిమి చూసి, "ఆదివారం వచ్చి రుద్దతా అక్కా," అన్నాడు.

*

ఇది రాస్తున్నది మరుసటి వేసవిలో. ఆఫీసుకు వెళుతున్నాను, బస్సు ఎక్కుతున్నాను. తలంటుకునేటప్పుడు కళ్ళు మూస్తే మాత్రం ఇప్పటికీ ఎడమకు ఒరుగుతాను, అందుకని గోడకు ఒక చెయ్యి ఆనిస్తాను. పోటీ టీవీలో వస్తోంది. మొదటి వారాలు చూసినవాళ్ళు, ఆ కుర్రాళ్ళు కదలకుండా ఉన్న దుంగ మీంచి ఎందుకు పడుతున్నారో అర్థం కావడం లేదన్నారట. అది తిరుగుతోందని తెరమీద ఎవరికీ తెలియలేదు. చానెల్ వాళ్ళు చెబితే దాము దాని చుట్టూ నల్ల చారలు మెలికగా వేశాడు. ఇప్పుడు వేలెడు కదిలినా చారలు చెబుతాయి.

మా బీరువాలో ఉన్న టేపులో దుంగకు చారలు లేవు. నా చెయ్యి లేచే ముందు అది కదిలిందో లేదో అందులో కనపడదు.